గింజ పడ్డ చప్పుడు

నా బిడ్డ వంగి నేల మీది రేగుపండు అందుకోబోతే ముగ్గురం ఒక్కసారే అరిసినం. వాకిట్ల బట్టలు ఆరేస్తున్న నేను, బండి తుడుస్తున్న మా ఆయన లింగస్వామి, దొడ్డికాడ గొర్లకు ఆకు ఏస్తున్న మా అత్త బీరమ్మ. మా అరుపుకు గోడ మీది కోళ్లు సుత కిందికి దుంకినయి. సుస్మి పండును ముట్టనే లేదు. వంగిన పిల్ల వంగినట్టే ఉండి, మా ముగ్గురి మొఖాలు చూసి ఏడుపు అందుకున్నది.

పక్కింటి అండాలక్క కొంగుల రేగుపండ్లు మూటకట్టుకొని మా వాకిట్లకెళ్లి పోయింది. అండ్లకెళ్లి ఒక పండు జారి పడ్డది. గంతే. ఆ యేడు మా ఇంట్ల రేగుపండ్ల కాలం గట్ల మొదలైంది.

మాది ఆలేరు దిక్కు చెలకల ఊరు. ఎర్రటి గరుకు నేల. వాన పడ్డా పడకున్నా గెట్ల మీది రేగుచెట్లు మాత్రం కాస్తనే ఉంటయి. చలి ముదిరితే చాలు, బడికి పోయే పిల్లల జేబులల్ల అవే, బస్సుల ముసలోళ్ల కొంగులల్ల అవే. వద్దన్నా కండ్ల పడుతయి.

అంతకు ముందటేడు మాఘమాసంల అత్త సుస్మిని ఎత్తుకొని గొర్ల ఎంట పోయింది. గొర్లకాసేటోళ్లకు ఒక అలవాటు ఉంటది. రేగుపండు తిన్నంక గింజ ఊంచరు, బుగ్గల పెట్టుకుంటరు. దాన్ని నాలుకతోని అటు ఇటు దొర్లిచ్చుకుంట ఉంటే నోట్లె నీళ్లు ఊరి దూప కాదు. నీళ్లు దొరకని చెలకలల్ల పొద్దంత గట్లనే తిరుగుతరు. అత్త చిన్నప్పటి సంది గట్లనే పెరిగింది. ఆమె బుగ్గ ఉబ్బి ఉండుడు చూసి నా బిడ్డ గూడ పండు తిని, గింజ బుగ్గల పెట్టుకున్నది, అవ్వ లెక్క. పెట్టుకొని గొర్రెపిల్ల ఎనుక ఉరికింది. ఉరుక్కుంటనే దగ్గింది.

దగ్గరి దవాఖానోళ్లు చూసి పట్నం తీసుకపొమ్మన్నరు. పట్నంల గొంతులకెళ్లి సన్నటి పైపు పంపి, ఊపిరి పోయే తొవ్వల ఇరుక్కున్న గింజను తీసిండ్రు. డాక్టరు దాన్ని చిన్న సీసల ఏసి నా చేతుల పెట్టిండు. "చిన్నపిల్లలకు గింజలున్నయి పెట్టొద్దమ్మా" అన్నడు. కోపంగ గూడ అనలేదు పాపం. గని ఆ మాట సంవత్సరమంత నా చెవులల్ల మోగింది.

ఆ సీసను అత్త యాదగిరిగుట్టకు తీసుకపోయింది. నర్సింహసామి మెట్లకాడ గింజను వదిలి, "నా మనుమరాలిని నాకిచ్చినవ్. ఇగ నేను సచ్చేదాక రేగుపండు తినను సామీ" అని మొక్కింది. మొక్కిందైతే అంతే. మొక్కుల లేనిది గూడ ఒకటి జరిగింది. గుట్టకెళ్లి వచ్చినంక అత్త సుస్మికి తన చేత్తోని బుక్క పెట్టుడు బందు చేసింది. పిల్ల పోయి తొడ మీద కూసుంటే మెల్లగ లేపి నా దిక్కు పంపేది. "మీ అమ్మకాడికి పో బిడ్డా." పిల్ల బువ్వ తలె పట్టుకొని అవ్వకు నాకు నడుమ నిలబడేది.

నేను పెట్టొద్దని అనలేదు. పెట్టుమని గూడ అనలేదు.

*

నేను తొమ్మిదో తరగతి సగంల బడి బందు పెట్టినదాన్ని. పుస్తకాలు చదివి తెలుసుకునే తెలివి లేదు. ఏది తెల్వాలన్నా ఫోనే దిక్కు. పిల్లల గొంతులల్ల ఏమేం ఇరుకుతయో చెప్పే వీడియో ఒకటి చూస్తే, ఫోను అసొంటియే ఇంకో పది తెచ్చి ముందట పెట్టేది. చూసినకొద్ది నా బిడ్డ తలెల ఒక్కొక్కటి తక్కువైంది. పల్లీలు బందు. బఠానీలు బందు. ద్రాక్షపండు నాలుగు ముక్కలు. ఆఖరికి బువ్వ, పప్పు గూడ మిక్సీల తిప్పి పెట్టుడు మొదలువెట్టిన, మూడున్నరేండ్ల పిల్లకు.

రేగుపండు కాడ ముగ్గురం అరిసిన రెండోనాడో మూడోనాడో అంగన్‌వాడీల పిల్లల బరువు చూసిండ్రు. అందరు పోయినంక భాగ్యశ్రీ టీచర్ నన్ను ఆపింది.

"నిరోషా, పిల్ల పోయినసారి కంటే తగ్గిందమ్మా. ఏం పెడ్తున్నవ్?"

"అన్నీ పెడ్తున్న టీచర్. మెత్తగ చేసి."

"ఎంత మెత్తగ?"

సంచిలున్న డబ్బ మూత తీసి చూపిచ్చిన. టీచర్ చెంచతోని లేపింది. కిందికి కారింది.

"ఇది బువ్వనా, గోడకు పెట్టే లప్పమా?"

డబ్బ మూత మూసిన. "భయమైతది టీచర్" అన్న.

"భయపడు. వద్దంటలేను. నా బిడ్డకైతే నేను గూడ భయపడుదును. గని నీ బిడ్డ నిన్న ఏం చేసిందో తెలుసా? పక్క పిల్ల తిని ఊంచిన రేగు గింజ ఏరుకొని గౌను జేబుల దాసుకున్నది. నేను చూసిన కాబట్టి సరిపోయింది." టీచర్ గొంతు తగ్గిచ్చింది. "ఇంట్ల దొరకనిది పిల్లలు దొంగతనంగ తింటరు. దొంగతనంగ తినేటోళ్లు నమిలి తింటరా? ఎవలన్న వస్తే గుటుక్కుమని మింగుతరు. దానికి నమలుడు నేర్పియ్యి తల్లీ. నీ ముందట తిననియ్యి."

ఇంటికి ఉరికొచ్చిన. సుస్మి గౌను జేబులు తిప్పి చూసిన. మట్టి ఉన్నది, ఒక కోడి ఈక ఉన్నది.

ఆ పొద్దు మా ఆయనకు చెప్పిన. ఆటో నడిపి నడిపి అలసి వచ్చిన మనిషి, గొడ్డలి చూపిచ్చిండు. "మరేం జెయ్యమంటవ్? ఊర్ల రేగుచెట్లన్నీ నరుకుదునా?"

"నరికినా పక్కూరియి ఉంటయి" అన్నది అత్త దొడ్డికాడికెళ్లి.

పొద్దుగూకింది. గొర్లు దొడ్లెకు పోతున్నయి. అత్త లెక్కపెట్టదు. తడిక పక్కన నిలబడి, పోయే ఒక్కొక్క జీవం వీపు మీద చెయ్యి పెడ్తది. చెయ్యి తగిలింది లోపలికి పోయినట్టు. తగలంది ఏదన్న ఉంటే అరచేతికే తెలుస్తదట. ఆమె గట్ల ఒక్కొక్కదాన్ని ముట్టి లోపలికి పంపుతుంటే చూసి నాకు ఒకటి తోచింది. పండ్లను ఊర్లకెళ్లి ఎల్లగొట్టుడు నాతోని కాదు. గని నా బిడ్డ నోట్లెకు పోయే ఒక్కొక్క పండుకెళ్లి గింజ తీసి పంపుడు నాతోని అయితది.

*

అయితదనుకున్న. చేస్తే తెలిసింది.

కత్తిపీట మీద కోస్తే కండ సగం గింజకే పట్టుకొని పోయింది, మిగిలింది పిప్పి అయ్యింది. నా బొటనవేలు గూడ తెగింది. అండాలక్క జడపిన్నుతోని పొడువుమన్నది. పొడిస్తే పిన్ను వంగింది, గింజ నవ్వింది. గుడ్డల ఏసి పిసికితే రసం వచ్చింది గని సుస్మి మొఖం పక్కకు తిప్పింది. దానికి రసం వద్దు. కొరికితే పంటికి తగిలే పండు కావాలె, పక్కింటి పిల్లలు తింటున్నసొంటిది.

సైకిల్ దుకాణం ఐలేశం దగ్గరికి పోయిన. విరిగిన గొడుగు కడ్డీ కోసి, సన్న గొట్టం లెక్క చేసి ఇచ్చిండు.

"వదినా, ఇన్నేండ్ల సంది ట్యూబులకు పంచరేసిన గని, పండ్లకు పంచరేసుడు గిదే మొదలు."

"గింజ ఎల్తదా మరి?"

"గింజనా? గాలి గూడ ఎల్తది."

గింజ ఎల్లింది. నిజంగనే ఎల్లింది. గని ఎంత కడిగినా ఇనుము వాసన పోలేదు. కోసిన అంచుకెళ్లి సన్న పొట్టు ఏమన్న రాలి పండ్లెకు పోతదేమోనని నాకు ఇంకో ఫికర్ పట్టుకున్నది. గింజ భయం తీరబోతే ఇనుము భయం. దాన్ని తీసి చూరుల చెక్కిన.

మా ఆయనే ఫోన్ల ఎతికి గింజలు తీసే సామాను ఒకటి తెప్పిచ్చిండు. ప్లాస్టిక్‌ది, పెద్దది, ఒక్క దెబ్బకు ఆరు పండ్లు. డబ్బ మీద బొమ్మ చూసి అండాలక్క ఆడనే కూలబడ్డది.

"గివేం పండ్లే? ఎర్రగ మెరుస్తున్నయి."

"చెర్రీలంట అక్కా."

"కేకు మీద పెట్టేటియా?"

"కేకు మీదియి మన కలేకాయలు, అదే వాక్కాయలేనంట, రంగేస్తరంట. ఇవి అసలియి. పక్కన పచ్చటియి ఆలివులంట."

"ఎట్లుంటయి?"

"నాకేమెరుక? నేనేమన్న తిన్ననా?"

అత్త గోడకు ఆనుకొని కదురు తిప్పి ఉన్ని వడుకుతాంది. మా దిక్కు చూడకుంటనే అన్నది, "పేరు ఏదైతేంది. ఆడ గూడ పిల్లలున్నరన్నట్టు, గింజలున్నయన్నట్టు."

ఆ మాట నాకు ఎందుకో మంచిగనిపిచ్చింది. ఎక్కడో ఎవలో ఒక తల్లి నాలెక్కనే పండును ఎలుతురుకు పట్టి చూస్తుంటది.

గని ఆ సామాను మాది కాదు. మా నాటు రేగుపండ్లు చిన్నయి, గుంతలల్ల నిలబడక వంకరపోయినయి. పైనకెళ్లి నొక్కితే ఒక పండు చితికింది, ఒకదాంట్ల గింజను నూకే పుల్ల గింజ పక్కకెళ్లి పోయింది. ఆరు పండ్లు పెడ్తే డబ్బల నాలుగే గింజలున్నయి. మిగిలిన రెండు ఏ పండ్లల్ల ఉన్నయో ఎవలికి ఎరుక? ఆరింటినీ చిదిమి చూసిన. మా ఆయన "నాలుగైతే ఎల్లినయి గద" అన్నడు.

"ఒక్కటి మిగిలితే అన్నీ మిగిలినట్టే" అన్న. ఆయన దాన్ని మల్ల డబ్బల సర్దిండు. దవాఖానల నా పక్కన కూసున్న మనిషే గద.

దాన్ని వాపసు పంపి ఇంకోటి తెప్పిచ్చినం. ఇది ఉక్కుది, పటకారు లెక్క ఉంటది. ఒక్కసారికి ఒక్కటే పండు. పండు కూసునే గిన్నె చిన్నది, కింద గింజ పడే బుడ్డి డబ్బ. నొక్కితే పుల్ల దిగి గింజను నూకుతది. గింజ డబ్బల పడితే 'టక్' అంటది. ఇడిస్తే స్ప్రింగు తనంతట తానే లేస్తది. వేడినీళ్లల్ల ఏసి కడగొచ్చు, తుప్పు పట్టది.

నిదానం పని. గని నాకు నిదానమే కావాలె. ఆరు పండ్లను ఒక్కసారి చూసే కండ్లు నాకు లెవ్వు, ఒక్కదాన్నైతే చూడగలుగుత. దాని మర్మం గూడ మెల్లమెల్లగ తెలిసింది. బాగ పండింది పెడ్తే తోలు జారుతది. పచ్చిదైతే గింజ ఇడువది. దోరపండు కావాలె. పండును తొడిమె దిక్కు పైకి నిలబెట్టాలె, అడ్డం పెడ్తే గింజ పక్కకు జరిగి లోపలనే దాసుకుంటది. మొదట్ల పండు పక్కన పండు, దాని ముందట దాని గింజ, గట్ల జోడీలు పేర్చి చూసుకునేదాన్ని. జోడి కుదిరినంకనే గిన్నె సుస్మి ముందట పెట్టేది.

మొదటి పండు కొరికిననాడు దాని మొఖం చూడాలె. కండ్లు మూసుకొని, రెండు చేతులతోని పట్టుకొని, నమిలింది. నమిలింది. నేను దాని గొంతు దిక్కే చూస్తున్న. మింగినంక నోరు తెరిచి చూపిచ్చింది, "అయిపోయింది" అని. నేను అప్పుడు ఊపిరి తీసుకున్న.

నడుమల ఒకసారి అవ్వ దిక్కు తిరిగి అడిగింది, "అవ్వా, నువ్వు తినవా?"

"నాకొద్దు బిడ్డా. సామికిచ్చిన."

"అన్నీనా?"

"అన్నీ."

"మరి సామి గింజ ఊంచుతడా?"

అత్త కదురు ఆగింది. సంవత్సరం నుంచి ఆమె నవ్వుడు నేను చూడలేదు. "ఊంచుతడు బిడ్డా" అన్నది నవ్వుకుంట. "సామికి ఒకలు చెప్పాల్నా?" అని మల్ల గోడ దిక్కు తిరిగింది.

ఎప్పుడు గట్లనే కూసునేది. నేను పటకారు పట్టుకొని కూసున్నప్పుడల్ల ఆమె గూడ వచ్చి కూసునేది, మాకు వీపు పెట్టి. పండ్ల వాసన తగులుతే పాణం గుంజుతదేమో, అందుకే అటు తిరుగుతదేమో అనుకున్న. చెలకలకు పోయేటప్పుడు ఆమె చేతుల ఇప్పుడు నీళ్ల సీస ఉంటున్నది. గొర్లకాసే ముసలామె సీస పట్టుకొని పోతుంటే తోటోళ్లు ఎక్కిరిచ్చేది, "బీరమ్మా, బడికి పోతున్నవా?" అని. ఆమె సీసను చంకల పెట్టుకొని గొర్ల ఎంట నడిసేది.

*

పండ్లు అడుగంటుతున్న రోజులు. చెట్లమీద ఎండి ముడుతలు పడ్డయే మిగిలినయి. ఒకనాడు పొద్దు వాలంగ వాకిట్ల కూసున్న. సుస్మి పక్కన కూసొని అంగన్‌వాడీ ముచ్చట్లు ఒకటే చెప్తాంది. పిల్లి వచ్చిందంట, టీచర్ చీర మీద దుంకిందంట. గప్పుడే ఫోను మోగింది. మా ఆయన. గుట్టకాడ కిరాయి దొరికింది, వచ్చేసరికి ఆలిశమైతది అంటున్నడు. ఫోనును భుజానికి, చెవికి నడుమ పెట్టుకున్న. చేతులు వాటి పని అవి చేస్తున్నయి. పెట్టుడు, నొక్కుడు, గిన్నెల ఏసుడు. పెట్టుడు, నొక్కుడు, గిన్నెల ఏసుడు. చేతులకు అలవాటైన పని గద.

"ఆగు" అన్నది అత్త.

ఏ గొర్రెనో అంటున్నదనుకున్న.

"నిరోషా, ఆగు. పిల్ల చేతిల పండు తీసుకో."

చూసిన. సుస్మి గిన్నెలకెళ్లి పండు అప్పుడే అందుకున్నది. నోటికాడికి పోతాంది.

"గింజ పడ్డది గదత్తా, చూసిన."

"పండు గిన్నెల పడ్డది. గింజ డబ్బల పడలే."

సుస్మి చెయ్యి పట్టుకున్న. పండును ఏళ్ల నడుమ నొక్కిన. మెత్తగ ఉన్నది, మెత్తగ ఉన్నది, పక్కకు జరిపి నొక్కితే గట్టిగ తగిలింది. పుల్ల పోయిన సందు ఉన్నది. దాని పక్కకే ఒదిగి కూసున్నది గింజ.

భుజం మీదికెళ్లి ఫోను జారి ఒళ్లె పడ్డది. అండ్ల మా ఆయన "హలో, హలో" అంటనే ఉన్నడు.

అత్త ఇటు తిరగనే లేదు. కదురు తిరుగుతనే ఉన్నది.

"నీకెట్ల తెలిసింది?" అన్న.

"ఇన్న."

"రోజు ఇంటున్నవా?"

ఉన్ని పోగు తెగితే ఏళ్లతోని అతికిచ్చుకున్నది. "సామికి పండు ఇచ్చిన గని, చెవులు ఇయ్యలే గద" అన్నది.

ఆ కాలమంత నేను నొక్కిన ఒక్కొక్క పండు ఎనుక ఆ ముసలి వీపు ఉన్నది. నేను జోడీలు పేర్చుడు మానేసి ఎన్ని రోజులైంది? ఆమె మానెయ్యలేదు. తడికకాడ గొర్లను చేత్తోని ముట్టినట్టు, నా బిడ్డ నోట్లెకు పోయే ఒక్కొక్క పండును చెవితోని ముట్టింది. నాకు చెప్పలేదు. చెప్పుమని నేను ఎన్నడన్న పక్కకు పిలిస్తినా?

లేసిన. గిన్నె, పటకారు, దోరపండ్ల గంప తీసుకపోయి ఆమె ముందట పెట్టిన.

"ఏందిది?"

"నువ్వు తియ్యి. నువ్వే పెట్టు. నాకు పొయ్యి మీద పప్పు ఉన్నది."

అత్త చేతులు కొంగుల దాసుకున్నది, చిన్నపిల్ల లెక్క. "నేను ముట్టను."

"తిననని మొక్కినవ్. ముట్టనని మొక్కలే గద?"

"మొక్కలే" అన్నది మెల్లగ. ఇంకా మెల్లగ, "నువ్వు పక్కన ఉండు మరి."

"నాకు పని ఉన్నదత్తా."

సుస్మి అప్పటికే పోయి తొడ మీద ఎక్కి కూసున్నది. అత్త నా మొఖం చూసింది, పిల్లను లేపుమంటనేమోనని. నేను తిరిగి ఇంట్లెకు నడిసిన.

పొయ్యి మీద పప్పు లేదు. పొయ్యి అంటియ్యనే లేదు. తలుపు ఎనుక నిలబడ్డ, గోడకు చెవి ఆనిచ్చి. జరసేపటికి ఇనబడ్డది.

టక్.

"నములు బిడ్డా. ఇంకా. ఇంకా. ఆఁ, ఇప్పుడు మింగు."

టక్.

"పిల్లి మల్ల ఏమన్నది అవ్వకు చెప్పు. ఆగాగు, మింగినంక చెప్పు. నోట్లె ఉంచుకొని మాట్లాడొద్దు."

టక్.

తర్వాత ఏం చప్పుడు లేదు. చాన సేపు. నా చెయ్యి గడియ మీదికి పోయింది.

"ఇది మొండిది బిడ్డా, ఇడుస్తలేదు. ఇది మనకొద్దు. గొర్రెకేద్దాం."

గడియ మీదికెళ్లి చెయ్యి తీసిన. ఎనుక తలుపుకెళ్లి బిందె పట్టుకొని బయటికి పోయిన. సందు మలుపుదాక ఇనబడింది ఆ చప్పుడు. మలుపు కాడ ఒక అడుగు ఆగిన. మల్ల నడిసిన. నీళ్ల నల్లకాడికి పోతే ఇగ ఏం ఇనబడదు.

నల్లకాడ అండాలక్క ఉన్నది. నా చంకల చూసింది, నా ఎనుక చూసింది. సంవత్సరమాయె, నేను పిల్ల లేకుంట నీళ్లకు వచ్చుడు ఆమె చూడలేదు.

"పిల్లేదే?"

"అత్తకాడ ఉన్నది."

"ఏం చేస్తాంది?"

"రేగుపండ్లు తింటాంది."

అండాలక్క తన బిందె పక్కకు జరిపి నా బిందె నల్ల కింద పెట్టింది. ఇద్దరం నీళ్ల దిక్కు చూసుకుంట నిలబడ్డం.

"నిండింది" అన్నది. "నిరోషా, నిండి పారుతాందే."

"పారనీ అక్కా" అన్న. "జరసేపు పారనీ."